అరవొద్దన్నారు

ఆవిడకు కోపం ముక్కు మీద ఉండేది కాదు, ఒళ్ళంతా ఉండేది. అందుకే బేకరీలో ఆవిడ లేనప్పుడు అందరూ ఆవిడను ‘పెనం’ అనేవాళ్ళు, నీటిచుక్క పడితే చాలు చుయ్యిమంటుందని. ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం నోరారా ‘అక్కా’ అని పిలిచేవాళ్ళు. ఈ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసీ ఊరుకుందంటే ఆ పేరు లోలోపల నచ్చిందనే అనుకోవాలి.

బేకరీ వెనకగదిలో ఉన్న పెద్ద ఓవెన్ ఆవిడది. అంటే కొనుక్కుందని కాదు, దాని తలుపు ఇంకొకరు తీస్తే ఊరుకునేది కాదు. బ్రెడ్డు ట్రేలు లోపలికి తొయ్యడం, కాలాక బయటికి లాగడం, పక్కనున్న ఇనప ర్యాకులో పెట్టడం ఆవిడ పని. ఆవిడకు చూపు లేదు. పుట్టుకతో కాదు, ఈ పనిలో చేరాకే కొంచెం కొంచెంగా పోయింది. ముందు పక్కల నుంచి వచ్చేవాళ్ళు కనబడటం మానేశారు, తర్వాత మసక వెలుతురులో ఏమీ కనబడలేదు, ఆఖరికి ఎదురుగా మిగిలిన కాస్తా ఆరిపోయింది. అప్పటికి చేతులకు ఆ గది పాఠం అయిపోయింది. చీకట్లో మన ఇంటి స్విచ్చి మన చేతికి దొరకదూ, అలాగే. ఇందులో మహిమ ఏమీ లేదు. ఆవిడ కూడా అప్పుడప్పుడూ బ్రెడ్డు మాడ్చేది, మాడ్చి ఆ నేరం పిండి కలిపిన మాస్టర్ మీదకు నెట్టేది. ఎవరైనా “అబ్బ, ఎలా చేస్తావక్కా ఇదంతా” అని జాలిగా అన్నారా, ఒంటికాలి మీద లేచేది. నువ్వెలా చేస్తావో నేనూ అలాగే చేస్తాను, కాకపోతే నీ అంత బద్ధకంగా కాదు, అనేది.

ఆ వెనకగది ఇరుకు. ఒక పక్క ఆవిడ ఓవెన్, దాని పక్కనే మిగతావాళ్ళు వాడే ఇంకో ఓవెన్, ఎదురుగా పిండి బల్ల, మధ్యలో ఇద్దరు ఒరుసుకుంటూ వెళ్ళేంత దారి. ఆ దారిలోనే సలసల కాగే ట్రేలు పట్టుకుని పొద్దస్తమానం తిరగాలి. అందుకని పాత ఓనరు ఉన్న రోజుల నుంచీ అక్కడొక అలవాటు ఉంది. వేడి ట్రే పట్టుకున్నవాళ్ళు ‘వేడి’ అని అరవాలి. ఒకరి వెనక నుంచి వెళ్ళేవాళ్ళు ‘వెనక’ అని అరవాలి. ఎవరు ఎవరికైనా సరే అరవాల్సిందే. మాస్టర్ ఆవిడకు అరుస్తాడు, ఆవిడ మాస్టర్‌కు అరుస్తుంది, కొత్తగా వచ్చినవాడు గోడకు కూడా అరుస్తాడు. కళ్ళున్నవాళ్ళకు మాత్రం వీపు మీద కళ్ళుంటాయా ఏంటి? పిండి కలిపే మిక్సర్ రొదలో వినపడాలంటే గొంతు చించుకోక తప్పదు. బయటినుంచి వినేవాళ్ళకు లోపల తన్నుకుంటున్నారేమో అనిపించేది.

ఆ గదిలోనే ఆవిడ తోటికోడలు కూడా పని చేసేది. మరిది పెళ్ళాం. కింద వాటాలో ఆవిడ, పై వాటాలో తోటికోడలు. ఉద్యోగం ఇప్పించింది ఆవిడే. తోటికోడలు నోట్లో నాలుక లేని మనిషి, ఎవరేమన్నా ‘సరే’ అంటుంది, తర్వాత వంటింట్లో కూర్చుని ఏడుస్తుంది. పొద్దున్నే ఇద్దరూ కలిసే బయల్దేరేవాళ్ళు. ఆవిడ తోటికోడలి మోచెయ్యి పట్టుకునేది, దారి పొడుగునా దాని మీద సణిగేది. తోటికోడలు నవ్వేది, లేకపోతే ఊఁ కొట్టేది.

ఇలా జరిగిపోతున్న రోజుల్లో కొత్త ఓనరుకు ఒక పెద్ద దుకాణాల కంపెనీ బ్రెడ్డు ఆర్డరు ఇస్తానంది. అయితే వాళ్ళకు కొన్ని పట్టింపులు. పని చేసేవాళ్ళలో ఏదైనా లోపం ఉన్నవాళ్ళని బాగా చూసుకుంటున్నారా లేదా అని వాళ్ళు తెలుసుకోవాలట. ఓనరు తబ్బిబ్బైపోయాడు. తన దగ్గర ఆల్రెడీ ఒకావిడ ఉంది కదా! వెంటనే ఓవెన్ ముందు ఆవిడను నిలబెట్టి ఫోటో తీయించి ముందు షాపులో తగిలించాడు. ఫోటో తీసేటప్పుడు కొంచెం నవ్వమన్నారు. ఆవిడ నవ్వలేదు. పైగా ఓనరు, అలాంటివాళ్ళతో ఎలా మెలగాలో అందరికీ నేర్పించడానికి ఒక మేడమ్‌ను రప్పించాడు. చిన్న వయసు, మెత్తటి గొంతు. మంచి మనిషే, ఆ మాట ఒప్పుకోవాలి. పుస్తకాల్లో రాసినవన్నీ చదివి వచ్చింది.

మేడమ్ వచ్చిన రోజు ఆవిడను ముందు షాపులో ఏదో పని ఉందని పంపించేశారు. బిస్కెట్ డబ్బాల మూతలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూడాలట. మూతలు బాగానే ఉన్నాయి. ఆవిడ తిరిగి వెనకగదిలోకి వచ్చేసరికి ఎవరో ముక్కు చీదుతున్నారు, మాస్టర్ దగ్గుతున్నాడు, తోటికోడలి గొంతు జీరపోయి ఉంది. ఏమైందే అని అడిగితే, ఏం లేదక్కా, మేడమ్ ఏదో చెప్పింది, అంది.

మర్నాటి నుంచి ఆ గది మారిపోయింది. ఎవ్వరూ ‘వేడి’ అనడం లేదు. ‘వెనక’ అనడం లేదు. పిల్లుల్లా తిరుగుతున్నారు. ఆవిడ లోపలికి అడుగు పెట్టగానే మాట్లాడుకుంటున్నవాళ్ళు టక్కున ఆపేస్తున్నారు. ఎవరైనా దగ్గరికొస్తే చెవి పక్కన మెల్లగా, ఆసుపత్రిలో రోగితో మాట్లాడినట్టు, “అక్కా, నేను వచ్చానక్కా” అని గుసగుసలాడుతున్నారు. ఆవిడ ఉలిక్కిపడి పక్కకు జరిగేది. అంతవరకూ తన చుట్టూ ఎవరు ఎక్కడున్నారో ఆ అరుపులే చెప్పేవి. ఇప్పుడు మిక్సర్ రొద ఒక్కటే మిగిలింది. అందులో మనుషులు మునిగిపోయారు.

ఆవిడకు ఒక్కటే తోచింది. వీళ్ళందరూ కలిసి తనకు పొగబెడుతున్నారు. ఎందుకు పెట్టరు? తను ఒక్కరినైనా తిట్టకుండా వదిలిందా? కొత్త ఓనరు కొత్త మనుషుల్ని పెట్టుకోవాలనుకుంటున్నాడు, వీళ్ళు వంత పాడుతున్నారు. ఓవెన్ పోతే ఇంకేం మిగులుతుంది? ఇల్లు మిగులుతుంది. ఇంట్లో కుర్చీ. ఆ కుర్చీలో కూర్చుంటే వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ చేతికి గ్లాసు అందిస్తారు, జాగ్రత్త అంటారు, ఆవిడ ముందే ఆవిడ గురించి మొగుడితో మాట్లాడతారు, కాఫీ తాగుతుందా అని ఆయన్ని అడుగుతారు. ఆ కుర్చీ అంటే ఆవిడకు చచ్చేంత భయం. ఆ భయాన్ని ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. అనే బదులు తిట్టేది.

ఇప్పుడు రెట్టింపు తిట్టింది. మాస్టర్ పిండి గోడకు కొడితే అతుక్కుంటుంది అంది. మాస్టర్ ఒకప్పుడైతే నాలుగు వడ్డించేవాడు. ఈసారి “సరేనమ్మా” అన్నాడు. ఆ ‘సరేనమ్మా’ ఆవిడకు పుండు మీద కారం చల్లినట్టయింది. దారిలో తోటికోడల్ని నిలదీసింది, ఏం కుట్ర పన్నుతున్నారే మీరంతా అని. తోటికోడలు ఏం లేదక్కా అంది, అదే మాట మళ్ళీ మళ్ళీ అంది. ఆవిడ దాని మోచెయ్యి వదిలేసి, కర్ర ఆనించుకుంటూ ఒక్కతే నడిచింది. ఇంట్లో కూడా మెట్ల దగ్గర ఎదురుపడితే పలకరించడం మానేసింది.

అలా ఉండగా ఒకరోజు, ఆవిడ ఓవెన్‌లోంచి ట్రే లాగి ర్యాకు వైపు తిరిగింది. అక్కడ ఇంకొక ట్రే ఉంది. అప్పుడే పక్క ఓవెన్‌లోంచి తీసిన ట్రే. దాని అంచు ఆవిడ ముంజేతికి అంటుకుంది. ఆవిడ చేతిలోది కింద పడింది, బ్రెడ్డు నేలంతా దొర్లింది. “అమ్మో” అని అరిచింది ఆవిడ కాదు, ఆ ట్రే పట్టుకున్న మనిషి. ఆ గొంతు ఎవరిదో చెప్పక్కర్లేదు. మెట్ల మీద రోజూ వినే గొంతే.

చేతికి కట్టు కట్టించారు. మర్నాడు వెనకగదిలోనే అందరినీ నిలబెట్టారు. ఓనరు వచ్చాడు, మేడమ్ వచ్చింది. ఆవిడకు కుర్చీ వేశారు. ఆవిడ కూర్చోలేదు.

ఓనరు గొంతు సవరించుకుని చాలా మర్యాదగా మొదలుపెట్టాడు. మీరంటే మాకు గౌరవం, మీ క్షేమమే మాకు ముఖ్యం, ఇకమీదట మీరు వేడి దగ్గరికి వెళ్ళనక్కర్లేదు, జీతం తగ్గదు, ఇక్కడే తలుపు పక్కన కూర్చుని బ్రెడ్డు సంచులకు లేబుళ్ళు అంటిస్తే చాలు. ఇంత తీయగా ఉద్యోగం పీకడం ఆవిడ ఎక్కడా వినలేదు. ఆయన మాటలు అయ్యేదాకా ఆగి, ఆయన వైపు కాకుండా తోటికోడలు ముక్కు చీదుతున్న వైపు తిరిగింది.

“ఆ ట్రే నీ చేతిలో ఉంది. నేను తిరగడం చూశావు. ఎందుకు అరవలేదే?”

తోటికోడలు ఏడుపు మింగుకుంది. “అరవొద్దన్నారక్కా.”

అప్పుడు బయటపడింది అసలు సంగతి. మేడమ్ వచ్చిన రోజు ఆవిడను మూతలు చూడమని పంపి, ఇక్కడ అందరి కళ్ళకూ గంతలు కట్టారట. ఆవిడ బతుకు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికట. ఒకడు బల్లకు గుద్దుకున్నాడు, మాస్టర్ చల్లారిన ట్రే పట్టుకోవడానికి కూడా జంకాడు, తోటికోడలు గది మధ్యలో నిలబడిపోయి భోరున ఏడ్చింది. గంతలు విప్పాక అందరికీ ఆవిడ మీద జాలి పొంగుకొచ్చింది. మేడమ్ లోపలికి వచ్చినప్పుడు ఆవిడ మీద అందరూ అరుస్తూ ఉండటం విని మనసు కష్టపెట్టుకుందట. చూపు లేనివాళ్ళకు చెవుడు ఉండదు, వాళ్ళ మీద గట్టిగా అరవకూడదు, అది మొట్టమొదటి నియమం అని చెప్పింది. అక్కడితో ఆగకుండా ‘నెమ్మదిగా మాట్లాడండి’ అని గోడకు బోర్డు కూడా పెట్టించింది. ఆవిడ గౌరవార్థం పెట్టిన ఆ బోర్డును ఆవిడ తప్ప అందరూ చదివారు. ఈ సంగతులేవీ ఆవిడ చెవిన వేయొద్దని కూడా అన్నారట, బాధపడుతుందని.

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి? ఇన్నాళ్ళూ వీళ్ళు పగబట్టారనుకుంది. పగ అయితే పోట్లాడేది. ఇది జాలి. దీంతో ఎలా పోట్లాడాలో ఆవిడకు తెలియదు.

“వాళ్ళు అరిచేది నా మీద కాదమ్మా” అంది మేడమ్‌తో. “ఒకరికొకరు అరుచుకుంటారు. కళ్ళున్నవాళ్ళు కూడా. నన్నొక మాట అడిగితే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?”

మేడమ్ తడబడింది. క్షమించమంది, నిజంగానే అంది. కానీ ఓనరుకు ఇదంతా అక్కర్లేదు. కారణం ఏదైనా చెయ్యి కాలిందా లేదా, రేపు ఇంకేదైనా అయితే పేపర్లో పడేది నా బేకరీ పేరు, అన్నాడు. మాట అయిపోయింది. తోటికోడల్ని ఓవెన్ దగ్గర పెట్టారు. తోటికోడలు ‘సరే’ అంది.

అలా ఆవిడ భయపడిన కుర్చీ ఇంటికంటే ముందు బేకరీలోనే దొరికింది. తలుపు పక్కన కూర్చుని లేబుళ్ళు అంటించింది. కావాలని వంకరగా అంటించింది. ఎవ్వరూ ఏమీ అనలేదు. మళ్ళీ తీసి సరిగ్గా అంటించుకున్నారేమో, అదీ ఆవిడకు వినపడకుండా. ముందు షాపులో ఫోటో మాత్రం అలాగే ఉంది, ఓవెన్ ముందు నిలబడి.

ఇంతకీ ఆ అరుపులు తిరిగి రాలేదు. విచిత్రం ఏంటంటే, ఓవెన్ దగ్గర ఇప్పుడు అందరూ కళ్ళున్నవాళ్ళే కదా, ఇక అరవడం దేనికి అనుకున్నారు. పాత ఓనరు కాలం నుంచీ వస్తున్న అలవాటు ఎవరి కోసం పుట్టిందో వాళ్ళే మరిచిపోయారు. ఆవిడ కుర్చీలోంచి అంతా వింటూనే ఉంది. అబ్బ అని ఒకడు, చురుక్కుమందని ఒకడు, త్రుటిలో తప్పిందిరా అని ఇంకొకడు. విన్నప్పుడల్లా ఆవిడ మనసులో ఒక్కటే అనుకునేది. తగలాలి. ఒక్కసారి ఎవరికైనా గట్టిగా తగలాలి. అప్పుడు తెలుస్తుంది. ఇంత పాపపు కోరిక కోరుకుంటున్నందుకు ఆవిడ సిగ్గుపడలేదు కూడా.

ఆ రోజు దుకాణాల కంపెనీ వాళ్ళు చూడటానికి వస్తారని ఓనరూ మేడమూ ముందు షాపులో హడావుడి పడుతున్నారు. వెనకగదిలో తోటికోడలు ఓవెన్‌లోకి వంగింది. గీరుకుంటూ ట్రే బయటికి వస్తున్న చప్పుడు ఆవిడకు తెలుసు. దాన్ని లాగినవాళ్ళు ఒకడుగు వెనక్కి వెయ్యాలి. అదే సమయంలో పక్క ఓవెన్ తలుపు మూసుకుంది, మాస్టర్ చెప్పులు ఈడ్చుకుంటూ అదే దారిలో వస్తున్నాడు. చేతిలో ట్రే ఉంది, ట్రే లేనప్పుడు ఆయన అలా చిన్న అడుగులు వెయ్యడు. ఆయన ముఖానికి అడ్డంగా ట్రే, తోటికోడలి వీపు ఆయన వైపు. ఇద్దరి నోళ్ళూ మూసుకునే ఉన్నాయి.

ఆవిడ కోరుకున్నది కాళ్ళ మీద నడుచుకుంటూ వచ్చింది. నోరు మూసుకుంటే చాలు. రేపీపాటికి ఆవిడ ఓవెన్ దగ్గర ఉంటుంది, ఎవరూ కాదనలేరు. పైగా కాలేది దాని వీపే.

“ఒసేయ్, కదలకు! వెనక వేడి!”

గది దద్దరిల్లింది. తోటికోడలు బిగుసుకుపోయింది. మాస్టర్ అడుగు గాల్లోనే ఆగిపోయింది. ట్రే అంచుకూ దాని వీపుకూ మధ్య వేలెడు సందు కూడా లేదని తర్వాత ఆయనే చెప్పాడు. ఏమీ పడలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. అంటే, చూపించడానికి ఏమీ మిగల్లేదు.

ఓనరూ మేడమూ పరిగెత్తుకుంటూ వచ్చారు. వాళ్ళకు కనబడింది ఒక్కటే: అందరూ బాగానే ఉన్నారు, ఆవిడ ఒక్కతే లేచి నిలబడి వణుకుతూ ఉంది, లేబుళ్ళన్నీ నేల మీద ఉన్నాయి. ఓనరు నిట్టూర్చాడు. ఇక్కడ కూర్చోబెట్టినా మీకు ఆందోళన తగ్గలేదమ్మా అన్నాడు. కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండి విశ్రాంతి తీసుకోండి, జీతం సంగతి నేను చూసుకుంటాను అన్నాడు. దుకాణాల వాళ్ళు వచ్చేలోగా ఆవిడను జాగ్రత్తగా ఇంటికి తీసుకెళ్ళమని తోటికోడలికి పురమాయించాడు.

  తోటికోడలు ఎప్పటిలా ‘సరే’ అంటుందని ఆవిడ ఎదురుచూసింది.

తోటికోడలు చేతి తొడుగులు విప్పి పిండి బల్ల మీద పడేసింది. ఎప్పుడూ లేనిది గట్టిగా మాట్లాడింది.

“నేను కళ్ళుండి అక్కని కాల్చాను సార్. అక్క కళ్ళు లేకుండా నన్ను కాలకుండా ఆపింది. ఇంటికి పంపాలంటే నన్ను పంపండి. ఆ ఓవెన్ నేను ముట్టను.”

ఓనరు మాస్టర్ వైపు తిరిగాడు, నువ్వైనా చెప్పు అన్నట్టు. మాస్టర్ ట్రేని ర్యాకులో పెట్టి, చేతులు దులుపుకున్నాడు. ఈ చచ్చుగదిలో నోరు మూసుకుని నేనూ పని చెయ్యలేను బాబూ, ఇవాళ ఈ పిల్ల వీపు నా చేతిలో ఊడిపోయేది, ఆవిడ తిట్లు తినడమే నయం, అన్నాడు. ఓవెన్‌లో ఉన్న బ్రెడ్డు రంగు తిరుగుతోంది. దాన్ని ముట్టుకునేవాళ్ళు లేరు. ఓనరు లోపలికీ వాకిట్లోకీ చూశాడు, దుకాణాల వాళ్ళ కారు అప్పుడే ఆగుతోంది. సరే, మీ ఇష్టం వచ్చినట్టు తగలడండి, మళ్ళీ ఏమన్నా అయితే నా దగ్గరికి రాకండి, అని విసురుగా వెళ్ళిపోయాడు. అది గౌరవం కాదు, అభిమానం అసలే కాదు. ఆవిడకు అది చాలు. తొడుగులు ఎక్కడ పడ్డాయో వెతుక్కుని తొడుక్కుంది.

మేడమ్ ఇంకా అక్కడే ఉంది. బోర్డు మీద ఏం రాయించాలో మీరే చెప్పండి అంది, మెత్తగా. ఆవిడ ఓవెన్ తలుపు తీస్తూనే, ఏమీ రాయించొద్దు, పీకెయ్యండి అంది. మేడమ్ కుర్చీ ఎక్కి తనే పీకింది.

సాయంత్రం ఇద్దరూ ఇంటికి బయల్దేరారు. తోటికోడలు చెయ్యి ముందుకు చాపింది. ఆవిడ పట్టుకుంది. తోటికోడలు, తప్పైపోయింది అక్కా, నన్ను క్షమించు అని మెల్లగా అంది.

“క్షమించను” అంది ఆవిడ. “చెయ్యి కాలిందని కాదు, అది మానుతుంది. చూపు పోయినప్పుడు కూడా నేనింత భయపడలేదే. అప్పుడు మీరంతా చుట్టూ ఉన్నారు, అరుస్తూ ఉన్నారు. మొన్న అందరూ ఉండి కూడా ఒక్కరూ లేరు. నువ్వు కూడా లేవు.”

తోటికోడలు ఏడవడం మొదలుపెట్టింది. ఆవిడకు చిరాకేసింది. ఏడవకే, ఏడిస్తే నాకేం తెలుస్తుంది, నోరు తెరువు, నా మీద ఏదన్నా ఉంటే అను అంది. తిట్టు కావాలంటే. జాలిపడి మూతి ముడుచుకున్నావంటే మాత్రం ఈ మోచెయ్యి నాకొద్దు, కుక్కను పట్టుకుని తిరుగుతాను అంది.

తోటికోడలు ముక్కు తుడుచుకుంది.  తర్వాత, ఎక్కడ దాచుకుందో ఏమో, మొదలుపెట్టింది.

“నా కొడుకు పుట్టినరోజుకు నేను కష్టపడి కేకు చేస్తే, అందరి ముందూ దాన్ని రాయి అన్నావు నువ్వు.”

“రాయే అది” అంది ఆవిడ.

“కాదు. నువ్వు తినలేదు, పక్కన పెట్టావు. తినకుండానే అన్నావు.”

ఆవిడ కాస్త తగ్గింది. అయితే తినే ఉంటాను, గుర్తులేదు అని బుకాయించింది. తోటికోడలు ఒప్పుకోలేదు. అక్కడి నుంచి పెళ్ళైన కొత్తలో అన్న మాటలకు వెళ్ళింది, మెట్ల మీద ఆరేసిన బట్టల గొడవకు వెళ్ళింది, అత్తగారి దగ్గర చెప్పిన చాడీలకు వెళ్ళింది. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగి చూశారు. అందులో కొన్ని నిజాలు, కొన్ని పచ్చి అబద్ధాలు. ఇల్లు వచ్చేదాకా ఆవిడ ఒక్కొక్కదానికీ గొంతెత్తి జవాబు చెప్పింది.